సబ్‌వూఫర్ పెట్టెకు అందరికీ ఒకే కొలత కుదరదు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

లోతైన శబ్దాలను పలికించే హోమ్ థియేటర్ సబ్‌వూఫర్‌ను ఇంట్లోనే తయారుచేసుకునే విధానంపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. పలకలను కోయడం, జిగురు పట్టించడం, గాలి బయటికి పోకుండా అతుకులు మూయడం, వైర్లు కలపడం గురించి అందులో చెప్పినవన్నీ పనికివచ్చే మాటలే. అయితే, 12 అంగుళాల డ్రైవర్ (శబ్దం పుట్టించే స్పీకర్ యూనిట్) ఏదైనా సరే 50 లీటర్ల పెట్టె కట్టి, 10 సెంటీమీటర్ల వ్యాసం, 20 సెంటీమీటర్ల పొడవు ఉన్న పైపును పోర్టుగా (పెట్టెలోని గాలి లోపలికీ బయటికీ పోయే మార్గంగా) బిగిస్తే చాలునన్న సలహా మాత్రం పాఠకులకు నష్టం కలిగించేది. ఆ కొలతలు నమ్మి పలకలు కోసినవారు సినిమాలో అసలైన లోతు వినిపించక నిరాశపడడమే కాక, కొందరు డ్రైవర్‌నే పాడుచేసుకునే ప్రమాదం ఉంది. అందుకే ఈ ఉత్తరం కాస్త వివరంగా రాస్తున్నాను.

12 అంగుళాలు అన్నది డ్రైవర్ వ్యాసం ఎంతో చెప్పే మాట మాత్రమే. పక్కపక్కన పెడితే కవలల్లా కనిపించే రెండు 12 అంగుళాల డ్రైవర్లలో ఒకదానికి 50 లీటర్లు ఎక్కువ కావచ్చు, రెండోదానికి 100 లీటర్లు కూడా చాలకపోవచ్చు. ఏ డ్రైవర్‌కు ఎంత పెట్టె కావాలో తేల్చేవి దాని వెంట వచ్చే కాగితంలోని కొన్ని అంకెలు. డ్రైవర్ గాలిలో విడిగా ఉన్నప్పుడు దాని కోన్, అంటే ముందుకూ వెనక్కూ కదిలే గిన్నెలాంటి భాగం, సహజంగా కంపించే ఫ్రీక్వెన్సీని ఎఫ్‌ఎస్ అంటారు. ఆ కంపనాన్ని మ్యాగ్నెట్, కోన్‌ను పట్టి ఉంచే సస్పెన్షన్ కలిసి ఎంత గట్టిగా అదుపుచేస్తాయో క్యూటీఎస్ చెబుతుంది. సస్పెన్షన్‌కు ఉన్న మెత్తదనం ఎన్ని లీటర్ల గాలి మెత్తదనానికి సమానమో వీఏఎస్ చెబుతుంది. కోన్ ఒక్కో వైపుకు శబ్దం చెడకుండా ఎన్ని మిల్లీమీటర్లు కదలగలదో ఎక్స్‌మ్యాక్స్ చెబుతుంది. ఈ నాలుగింటినీ చూడకుండా పెట్టె కొలత చెప్పడమంటే ఒళ్లు కొలవకుండా చొక్కా కుట్టడమే.

ఇందులో కొత్త సంగతేమీ లేదు. బెల్ ల్యాబొరేటరీస్‌లో పనిచేసిన ఆల్బర్ట్ థురాస్ పోర్టు ఉన్న పెట్టెకు 1932లోనే పేటెంట్ పొందారు. ఆ తరవాత మూడు దశాబ్దాల పాటు ఈ పెట్టెలు చాలావరకు చేసి చూసి దిద్దుకునే పద్ధతిలోనే నడిచాయి. ఆస్ట్రేలియా ఇంజినీరు నెవిల్ థీల్ 1961లో ప్రచురించిన పత్రం, దాన్ని ముందుకు తీసుకెళ్తూ రిచర్డ్ స్మాల్ 1970ల మొదట్లో రాసిన పత్రాలు డ్రైవర్ అంకెల నుంచి పెట్టె ఘనపరిమాణాన్నీ, ట్యూనింగ్‌నూ నేరుగా లెక్కకట్టే దారి చూపాయి. నేడు డ్రైవర్ల కాగితాలపై కనిపించే అంకెలను థీల్-స్మాల్ పారామీటర్లు అని పిలవడం అందువల్లనే. ఈ లెక్కలు చేసిపెట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఎవరికైనా అందుబాటులో ఉంది. కాబట్టి ఒకే కొలతను అందరికీ చెప్పవలసిన అవసరమే లేదు.

పోర్టు ఏం చేస్తుందో ముందు స్పష్టంగా చెప్పుకోవాలి. పైపులోని గాలి ఒక బరువులా, పెట్టెలోని గాలి ఒక స్ప్రింగులా పనిచేస్తాయి. ఆ బరువూ ఆ స్ప్రింగూ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర అనునాదం చెందుతాయి. దాన్నే పెట్టె ట్యూనింగ్ అంటున్నాం. పైపు అడ్డుకోత వైశాల్యం పెరిగితే ట్యూనింగ్ పైకి పోతుంది. పెట్టె ఘనపరిమాణం పెరిగినా, పైపు పొడవు పెరిగినా కిందికి దిగుతుంది. ఈ సంబంధం వర్గమూలంలో ఉంటుంది కనుక ట్యూనింగ్‌ను సగానికి దించాలంటే పైపు ప్రభావిత పొడవు నాలుగింతలు కావాలి. లెక్క వేయదలచినవారు పైపు వ్యాసాన్ని సెంటీమీటర్లలో తీసుకుని వర్గం చేసి, 23,562తో గుణించి, దాన్ని లీటర్లలో ఉన్న పెట్టె ఘనపరిమాణంతోనూ, కావలసిన ఫ్రీక్వెన్సీ వర్గంతోనూ భాగించి, వచ్చినదాంట్లోంచి వ్యాసానికి 0.73 రెట్లు తీసివేస్తే పైపు పొడవు సెంటీమీటర్లలో వస్తుంది. చివరలో తీసివేసేది పైపు రెండు కొసల బయట కూడా కొంత గాలి పైపుతోపాటే కదులుతుంది కాబట్టి చేసే సవరణ.

ఇదే లెక్కను తిరగేసి మీ వ్యాసంలోని కొలతలకు వర్తింపజేస్తే ట్యూనింగ్ 41 హెర్ట్జ్‌ల పైన తేలుతుంది. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ పలికే స్వరం 41.2 హెర్ట్జ్‌లు. కనుక పాటల వరకు ఆ పెట్టె బాగానే మోగుతున్నట్టు అనిపిస్తుంది. సినిమాల సంగతి వేరు. పేలుళ్లు, భూకంపాలు, భారీ యంత్రాల కదలికల వంటి ఘట్టాలకు ప్రత్యేకంగా కేటాయించిన ఎల్‌ఎఫ్‌ఈ చానెల్ 120 హెర్ట్జ్‌ల నుంచి కిందికి ఉంటుంది. అందులో 30 హెర్ట్జ్‌లకు దిగువన, 20 దాకా కూడా బలమైన శబ్దాన్ని నమోదు చేయడం సర్వసాధారణం. పోర్టు ఉన్న పెట్టె ధ్వని ట్యూనింగ్‌కు దిగువన ఆక్టేవుకు, అంటే ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ, 24 డెసిబెళ్ల చొప్పున పడిపోతుంది. అంటే 40 దగ్గర ట్యూన్ చేసిన పెట్టె 20 హెర్ట్జ్‌ల దగ్గర ఇచ్చే శబ్దపీడనం దాదాపు 16వ వంతుకు జారిపోతుంది.

పడిపోవడం ఒక్కటే అయితే తక్కువ వినిపించిందని సరిపెట్టుకోవచ్చు. అసలు చిక్కు కోన్ కదలికలో ఉంది. ట్యూనింగ్ దగ్గర పెట్టెలోని గాలి కోన్‌ను గట్టిగా పట్టి ఉంచుతుంది. దానికి బాగా దిగువకు వెళ్లేసరికి పైపులోని గాలి కోన్ వెనుక గాలితో కలిసి స్వేచ్ఛగా లోపలికీ బయటికీ పోతుంది. ఇక పెట్టె లేనట్టే లెక్క. యాంప్లిఫయర్ 25 హెర్ట్జ్‌ల దగ్గర పంపిన శక్తినంతా కోన్ ఒంటరిగా భరించి, ఎక్స్‌మ్యాక్స్ దాటి, దాన్ని కదిలించే తీగచుట్ట అయిన వాయిస్ కాయిల్ వెనుక పలకకు కొట్టుకునే స్థితికి చేరుతుంది. సినిమా మధ్యలో ఠక్కుమనే చప్పుడు వినిపిస్తే అది సౌండ్‌ట్రాక్‌లోనిది అనుకుని వాల్యూమ్ ఇంకా పెంచేవారు ఉంటారు. అటువంటి చప్పుడు వినగానే వాల్యూమ్ వెంటనే తగ్గించాలన్న హెచ్చరిక అయినా మీ వ్యాసంలో ఉండవలసింది.

ఉదాహరణకు ఎఫ్‌ఎస్ 25 హెర్ట్జ్‌లు, క్యూటీఎస్ 0.40, వీఏఎస్ 100 లీటర్లు ఉన్న ఒక 12 అంగుళాల డ్రైవర్‌ను తీసుకుందాం. దాన్ని పోర్టు లేని 50 లీటర్ల మూసిన పెట్టెలో పెడితే, క్యూటీఎస్‌లాగే కంపనం ఎంత అదుపులో ఉందో పెట్టెతో కలిపి చెప్పే మొత్తం క్యూ 0.69కి, అనునాదం 43 హెర్ట్జ్‌లకు చేరుతుంది. 0.707 అన్నది ఎగుడుదిగుడు లేని ధ్వనికి పేరుపడ్డ విలువ కనుక ఇది శుభ్రమైన ఫలితమే. ఇదే డ్రైవర్‌కు పోర్టు పెట్టె కట్టదలిస్తే, థీల్ పద్ధతిని అనుసరించే సూత్రాలు సుమారు 108 లీటర్లు, 24 హెర్ట్జ్‌ల ట్యూనింగ్ సూచిస్తాయి. అప్పుడు ధ్వని దాదాపు 24 హెర్ట్జ్‌ల దాకా నిలకడగా దిగుతుంది. వీటి పక్కన మీ వ్యాసంలోని కొలతలు పెట్టి చూడండి. 50 లీటర్లు ఈ డ్రైవర్‌కు మూసిన పెట్టెగా సరిపోయే పరిమాణం. దానికే 41 హెర్ట్జ్‌ల పోర్టు తగిలించేసరికి 45, 50 హెర్ట్జ్‌ల ప్రాంతంలో ధ్వని ఉబ్బి, ఏ సన్నివేశం వచ్చినా ఒకే స్వరంలో బుమ్మని మోగే పెట్టె తయారవుతుంది. పోర్టు పెట్టెల బేస్ బద్ధకంగా ఉంటుందని చాలామంది అనడానికి ఇటువంటి పెట్టెలే కారణమని నా నమ్మకం. ట్యూనింగ్ దగ్గర శబ్దం కాస్త ఆలస్యంగా వెలువడడం నిజమే. అయితే ఆ ఆలస్యం 40 హెర్ట్జ్‌ల దగ్గర జరిగితే సంగీతం మధ్యలో పడుతుంది, 20 దగ్గర జరిగితే చెవి పట్టుకోగల పరిధి అంచున పడుతుంది.

సినిమాల కోసమే కట్టే పెట్టె విషయంలో నేను మరో అడుగు ముందుకు వేసి, సూత్రం చెప్పిన 24 కన్నా కిందికి, 20 హెర్ట్జ్‌ల దగ్గరికి ట్యూనింగ్ దించడమే మంచిదంటాను. కాగితం మీద గీసిన రేఖలో అప్పుడు 25 నుంచి 40 హెర్ట్జ్‌ల మధ్య ధ్వని కొద్దిగా వాలినట్టు కనిపిస్తుంది. కానీ మనం వినేది నాలుగు గోడల మధ్య. గది పొడవు 5 మీటర్లు అయితే దాని మొదటి అనునాదం 34 హెర్ట్జ్‌ల దగ్గర ఉంటుంది. అంతకు దిగువన ధ్వని అలలుగా పరుచుకునే బదులు గది మొత్తం గాలిని ఒకేసారి నొక్కి వదులుతుంది. గట్టి గోడలు, మూసిన తలుపులు ఉన్న గదిలో ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ ఈ పీడనం పెరుగుతుంది. సన్నని పార్టిషన్ గోడలు, తెరిచిన ద్వారాలు ఉంటే ఆ లాభం చాలావరకు బయటికి పోతుంది. మొత్తం మీద గది ఇచ్చే ఈ ఊతం కాగితం మీది వాలును పూడుస్తుంది. కాగితం మీద చదునుగా గీసిన పెట్టె గదిలోకి వచ్చాక అడుగున ఉబ్బిపోతుంది.

ఇక పోర్టు వ్యాసం. మొత్తం వ్యవహారంలో తేలిగ్గా తీసుకునేదీ, తరవాత ఎక్కువగా ఇబ్బంది పెట్టేదీ ఇదే. ట్యూనింగ్ దగ్గర వినిపించే శబ్దమంతా దాదాపు పైపులోంచే వస్తుంది. గది ఊతం లెక్కలోకి తీసుకోకుండా, నేల మీద పెట్టిన పెట్టె 20 హెర్ట్జ్‌ల దగ్గర ఒక మీటరు దూరంలో 105 డెసిబెళ్లు ఇవ్వాలంటే పైపులోంచి గాలి గరిష్ఠంగా సెకనుకు 0.21 ఘనపు మీటర్ల చొప్పున పోయి రావాలి. 10 సెంటీమీటర్ల పైపులో అది సెకనుకు 27 మీటర్ల వేగం. ధ్వని వేగంలో 5 శాతం, అంటే సెకనుకు 17 మీటర్లు దాటితే పైపు అంచుల దగ్గర గాలి సుడులు తిరిగి, ఉఫ్ ఉఫ్‌మని ఊదిన చప్పుడు మొదలవుతుంది. నిశ్శబ్దమైన సన్నివేశంలో సన్నటి గర్జన వినిపించవలసిన చోట పంపు కొట్టినట్టు వినిపిస్తుంది. వేగం ఇంకా పెరిగితే పోర్టు పని చేయడమే మానుకుంటుంది, శబ్దం కుంచించుకుపోతుంది. అదే 15 సెంటీమీటర్ల పైపు అయితే వేగం 12 మీటర్లకు పడిపోయి ఏ చప్పుడూ ఉండదు.

అలాగని లావు పైపు ఉచితంగా రాదు. 100 లీటర్ల పెట్టెను 20 హెర్ట్జ్‌లకు ట్యూన్ చేయడానికి 10 సెంటీమీటర్ల పైపు 52 సెంటీమీటర్ల పొడవు ఉంటే చాలు. 15 సెంటీమీటర్ల పైపు 121 సెంటీమీటర్లు ఉండాలి. అది పెట్టెలో నిటారుగా పట్టదు. మూలల దగ్గర వంపులు తిప్పాలి, లేదా పెట్టె గోడ వెంట పలకలతో మడిచిన చీలిక పోర్టు కట్టాలి. వంపు తిప్పిన పైపు పొడవును మధ్య గీత వెంట కొలవాలి. గోడను ఆనుకుని ఉండే చీలిక పోర్టు లెక్క కన్నా కొంచెం కిందికే ట్యూన్ అవుతుంది. పైపు లోపలి కొసకూ ఎదురుగా ఉన్న గోడకూ మధ్య కనీసం ఒక వ్యాసమంత ఖాళీ వదలాలి. రెండు కొసలనూ బాకాలా విప్పారేట్టు చేస్తే గాలి చప్పుడు చాలా తగ్గుతుంది. ఇంత పొడవైన పైపుకు తనదైన అనునాదం 130, 140 హెర్ట్జ్‌ల ప్రాంతంలో ఉంటుంది కాబట్టి సబ్‌వూఫర్‌కు ఏ ఫ్రీక్వెన్సీ దాకా శబ్దం పంపాలో నిర్ణయించే క్రాసోవర్‌ను 80 హెర్ట్జ్‌ల దగ్గర ఉంచడం అవసరం. ఇదంతా ఎందుకు అనుకునేవారికి, చిన్న గదిలో తక్కువ వాల్యూమ్‌తో చూసేవారికి 10 సెంటీమీటర్ల పైపు సరిపోతుంది. 6 డెసిబెళ్లు తగ్గించుకుంటే గాలి వేగం సగమై, 13 మీటర్ల దగ్గర నిలుస్తుంది. ఎంత గట్టిగా వినాలో ముందుగా నిర్ణయించుకున్న తరవాతే పైపు కొనాలి.

లీటర్ల లెక్కలోనూ మీ వ్యాసం ఒక ముఖ్యమైన మాట వదిలేసింది. సూత్రంలోని ఘనపరిమాణం గాలికి మిగిలే చోటు మాత్రమే. పైన చెప్పిన 15 సెంటీమీటర్ల పైపు మందంతో సహా 24 లీటర్లు ఆక్రమిస్తుంది. డ్రైవర్ వెనుక భాగం, గోడలు అదరకుండా అడ్డంగా బిగించే కర్రలు కలిసి మరో ఆరేడు లీటర్లు తింటాయి. కనుక 100 లీటర్లు కావాలంటే పలకలను 130 లీటర్లకు కోయాలి. లోపలి కొలతలు 45, 50, 58 సెంటీమీటర్లు ఉన్న పెట్టెకు అంత వస్తుంది. 18 మిల్లీమీటర్ల పలక మందాన్ని రెండు వైపులా కలుపుకోవడం మరవకూడదు. పోర్టు పెట్టెలో దూది గానీ ఫైబర్ గానీ దట్టంగా కూరడం పొరపాటు, గోడలకు పలుచగా అంటిస్తే చాలు. మూసిన పెట్టెలో మాత్రం నింపడం వల్ల పెట్టె కొంత పెద్దదైనట్టు ప్రవర్తిస్తుంది.

అంత పెద్ద పెట్టెకు ఇంట్లో చోటు లేనివారు మూసిన పెట్టెనే ఎంచుకోవడం ఉత్తమం. దాని ధ్వని ఆక్టేవుకు 12 డెసిబెళ్ల చొప్పునే తగ్గుతుంది కాబట్టి గది ఊతం బాగా కలిసివస్తుంది. ఈక్వలైజర్‌తో అడుగు భాగాన్ని పైకి లేపుకోవచ్చు. అందుకు మూల్యం కోన్ కదలికలో చెల్లించాలి. మూసిన పెట్టెలో ఫ్రీక్వెన్సీ సగమైనప్పుడు అంతే శబ్దం రావాలంటే కోన్ నాలుగింతలు కదలాలి. ఇందాక చెప్పుకున్న 105 డెసిబెళ్లను 20 హెర్ట్జ్‌ల దగ్గర ఒక్క 12 అంగుళాల కోన్ మీద రాబట్టాలంటే అది ఒక్కో వైపుకు 33 మిల్లీమీటర్లు కదలవలసి వస్తుంది. అంత దూరం శుభ్రంగా కదలగల డ్రైవర్లు అరుదు. చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ శక్తికే ఎక్కువ శబ్దం అనే మూడింటిలో ఏవైనా రెండే దక్కుతాయని జోసెఫ్ ఆంటన్ హాఫ్‌మన్ పేరిట చెప్పుకునే నియమాన్ని ఏ ప్రకటనా ఇప్పటిదాకా అబద్ధం చేయలేదు.

పెట్టె పూర్తయ్యాక ట్యూనింగ్ సరిగ్గా కుదిరిందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. ఫోన్‌లో దొరికే టోన్ జనరేటర్‌ను యాంప్లిఫయర్‌కు కలిపి, తక్కువ వాల్యూమ్‌లో 40 హెర్ట్జ్‌ల నుంచి ఒక్కొక్క హెర్ట్జ్ చొప్పున కిందికి దిగుతూ కోన్‌ను గమనించాలి. మొదట అంచు మసకబారినంతగా ఊగుతున్న కోన్ ఒక చోట దాదాపు కదలకుండా నిలబడుతుంది. అదే సమయంలో పైపు మూతి దగ్గర పట్టుకున్న పలుచని కాగితం రెపరెపలాడుతుంది. కోన్ నిలిచిన ఆ ఫ్రీక్వెన్సీయే ట్యూనింగ్. ఇంకా కిందికి దిగితే కోన్ మళ్లీ విపరీతంగా ఊగడం మొదలుపెడుతుంది. పోర్టు పట్టు ఎక్కడ వదిలిందో కంటితో చూడవచ్చు. అనుకున్నదానికన్నా ట్యూనింగ్ కిందికి ఉంటే పైపును కొద్దికొద్దిగా కోసి పైకి తెచ్చుకోవచ్చు కనుక మొదట పైపును నాలుగైదు సెంటీమీటర్లు ఎక్కువే ఉంచాలి. కోన్ మళ్లీ ఊగడం మొదలయ్యే చోటుకు దిగువన సంకేతాన్ని ఆపే హైపాస్ ఫిల్టర్‌ను యాంప్లిఫయర్‌లో తప్పక అమర్చుకోవాలి. 20 హెర్ట్జ్‌ల పెట్టెకు అది 18 దగ్గర ఉంటే సరిపోతుంది. పోర్టు పెట్టె కట్టి ఈ ఫిల్టర్ పెట్టనివారి డ్రైవర్‌కు భద్రత లేదు.

ఈ నేపథ్యంలో సంపాదకులకు నా విన్నపం ఇది. ఇకపై పెట్టె కొలతలు ప్రచురించినప్పుడల్లా ఏ డ్రైవర్ అంకెలకు ఆ కొలతలు వేశారో, గాలికి మిగిలే లీటర్లెన్నో, ట్యూనింగ్ ఎన్ని హెర్ట్జ్‌లో, ఏ ఫిల్టర్ అవసరమో నాలుగు పంక్తుల్లో చేర్చండి. తయారీదారులు పెట్టెల మీద వాట్లు, అంగుళాలు పెద్ద అక్షరాలతో అచ్చువేసి ట్యూనింగ్ సంగతి దాచిపెట్టే అలవాటును కూడా మీ విలేకరులు ప్రశ్నించాలని కోరుతున్నాను.

ఆ వ్యాసం చదివి ఇప్పటికే 50 లీటర్ల పెట్టె కట్టుకున్న పాఠకులకు వచ్చే సంచికలోనే ఒక సవరణ చేరవేయండి. వారు ఆ పెట్టెను పారేయనక్కరలేదు. పైపు తీసేసి, ఆ రంధ్రంపై లోపలి వైపు నుంచి పలక ముక్కను జిగురుతో, స్క్రూలతో గాలి చొరకుండా బిగిస్తే అది మూసిన పెట్టె అవుతుంది. డ్రైవర్ క్యూటీఎస్ 0.4 దగ్గర, వీఏఎస్ 100 లీటర్ల దగ్గర ఉన్నవారికి ధ్వని శుభ్రంగా ఉంటుంది, గది ఊతంతో 30 హెర్ట్జ్‌ల దాకా చక్కగా వినిపిస్తుంది. క్యూటీఎస్ 0.6 దాకా ఉన్నవారికి ధ్వని కాస్త ఉబ్బుతుంది, లోపల ఫైబర్ నింపితే కొంత సర్దుకుంటుంది. ఏ డ్రైవర్ అయినా కింది ఫ్రీక్వెన్సీల దగ్గర కోన్‌ను పెట్టెలోని గాలి పట్టి ఉంచుతుంది కాబట్టి పోర్టు ఉన్నప్పటి ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

భవదీయుడు,
మీ పత్రిక పాఠకుడు